ఇరుక్కోవడం వేరు, గట్టిపడడం వేరు

ముందే ఒక హెచ్చరిక. ఇందులో కొంచెం ఫిజిక్సు, కొంచెం సిమ్యులేషను, చివర్లో ఒక రైస్ మిల్లు ఉన్నాయి. ఫిజిక్సు దగ్గర కళ్ళు మూతలు పడితే తిన్నగా చివరికి వెళ్ళిపోండి, నేనేమీ అనుకోను. ఇదంతా రాస్తున్నదే ఆ మిల్లు కోసం.

బీటెక్‌లో మెకానికల్ చదివి, క్యాంపస్ ఇంటర్వ్యూలో సాఫ్ట్‌వేర్‌లో తేలిన లక్షలాదిమందిలో నేనూ ఒకణ్ణి. పగలంతా ఎవరివో బిల్లింగ్ లెక్కలు సరిచేస్తుంటాను. పాత చదువు మీద బెంగ మాత్రం పోలేదు. అందుకని వారాంతాల్లో నాకోసం ఒక సిమ్యులేషన్ రాసుకున్నాను. దాంతో మా బాస్‌కి పనిలేదు, క్లయింటుకి పనిలేదు, డెడ్‌లైన్ లేదు. అబ్బ, ఎంత హాయో!

సంగతేంటంటే, ఒక చదరపు పెట్టె. అందులో వెయ్యి చిల్లర గుండ్రటి బిళ్ళలు. క్యారమ్ బోర్డు మీద కాయిన్లలాంటివి అనుకోండి, కాకపోతే కొంచెం మెత్తనివి. రెండు బిళ్ళలు తాకనంతవరకు ఒకదాని సంగతి ఒకదానికి పట్టదు. తాకి ఒకదాన్నొకటి నొక్కుకుంటే మాత్రం స్ప్రింగులా తోసుకుంటాయి. అంతే రూలు. పెట్టెకి గోడలు లేవు. పాత నోకియా ఫోన్లో పాము ఆట గుర్తుందా? కుడిపక్క నుంచి బయటికెళ్ళిన పాము ఎడమపక్క నుంచి లోపలికొచ్చేది. ఇదీ అలాగే.

బిళ్ళలన్నీ ఒకే సైజు పెడితే ఇబ్బందేంటంటే, అవి బుద్ధిగా తేనెపట్టులా వరసల్లో సర్దుకుపోతాయి. అలా సర్దితే స్థలంలో 0.907 వంతు నిండుతుంది. అది స్ఫటికం, మనక్కావలసింది గందరగోళం. అందుకే సగం చిన్నవి, సగం వాటికి 1.4 రెట్లున్న పెద్దవి కలుపుతారు. ఇది నా తెలివేమీ కాదు, ఈ రంగంలో అందరూ చేసేదే.

ఇప్పుడు బిళ్ళల్ని కొద్దికొద్దిగా ఉబ్బిస్తూ పోతే? స్థలంలో 0.80 వంతు నిండేదాకా ఏమీ కాదు. తోస్తే జరుగుతాయి. దాదాపు 0.84 దగ్గర మొత్తం ఒక్కసారిగా బిగుసుకుంటుంది. మూడు కొలతల్లో గోళాలతో చేస్తే ఆ అంకె దాదాపు 0.64. దీన్నే జామింగ్ అంటారు.

అక్కడ జరిగేది మనలాంటివాళ్ళకి నచ్చే లెక్క. రాపిడి లేని బిళ్ళకి సమతలం మీద కదలడానికి రెండే దిక్కులు: అడ్డం, నిలువు. వెయ్యి బిళ్ళలకి 2,000 స్వేచ్ఛలు. వాటిని కట్టెయ్యాలంటే కనీసం 2,000 తాకిళ్ళు కావాలి. ఒక్కో తాకిడిని ఇద్దరు పంచుకుంటారు కాబట్టి ఒక్కో బిళ్ళకి సగటున 4. మాక్స్‌వెల్ 1864లో వంతెనల చట్రాల కోసం వేసిన లెక్క ఇదే. సిమ్యులేషన్లో కూడా, ఎవరికీ తగలకుండా ఖాళీలో ఊరికే ఉన్న బిళ్ళల్ని తీసేసి లెక్కిస్తే, బిగుసుకునే చోట ఈ సగటు ఒక్కసారిగా 4కి ఎగబాకుతుంది. నాలుగు వందల లైన్ల కోడ్‌లో ఎక్కడా 4 అనే అంకె రాయలేదు, అయినా అదే వచ్చింది. మొదటిసారి చూసినప్పుడు లేచి టీ పెట్టుకుని వచ్చి మళ్ళీ చూశాను.

ఇక్కడిదాకా జామింగ్. మరి గాజు సంగతేంటి?

ద్రవాన్ని స్ఫటికం కానివ్వకుండా గబగబా చల్లారిస్తే గాజు అవుతుంది. తమాషా ఏంటంటే, ద్రవంలో అణువుల ఫోటో, గాజులో అణువుల ఫోటో పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పడం దాదాపు అసాధ్యం. రెండింట్లోనూ అదే గందరగోళం. తేడా ఫోటోలో లేదు, గడియారంలో ఉంది. ద్రవంలో అణువు పొరుగువాళ్ళని క్షణంలో మార్చేస్తుంది, గాజులో యుగాలు పడుతుంది. జిగట 1 పక్కన 12 సున్నాల పాస్కల్-సెకన్లు దాటితే దాన్ని గాజు అనాలని మనుషులు పెట్టుకున్న ఒప్పందం. నీటిది పాస్కల్-సెకనులో వెయ్యో వంతు. అంటే గాజు అనేది ఒకరకంగా మనం పెట్టిన టైమౌట్ అన్నమాట.

అన్నట్టు, యూరప్‌లో పాత చర్చి కిటికీల అద్దాలు శతాబ్దాలుగా కిందికి కారి అడుగున మందమయ్యాయని చాలామంది చెప్తుంటారు. నమ్మకండి. ఎడ్గార్ జనొటో అనే బ్రెజిల్ శాస్త్రవేత్త 1998లో లెక్క కట్టి చూపించాడు, మామూలు వాతావరణంలో అలా కారాలంటే విశ్వం వయసు కూడా చాలదని. అప్పట్లో అద్దాల్ని సమంగా చెయ్యడం రాలేదు, అంతే.

ఆ 1998లోనే ఆండ్రియా లియు, సిడ్నీ నాగెల్ ఒక అందమైన ఊహ చేశారు. గాజు చల్లబడి ఆగిపోతుంది. ఇసుక కిక్కిరిసి ఆగిపోతుంది. టూత్‌పేస్టు నొక్కనంతవరకు ఆగి ఉంటుంది. ఈ మూడూ ఒకే పటంలో మూడు దారులేమో అన్నారు. ఉష్ణోగ్రత ఒక అక్షం, సాంద్రత ఒకటి, షియర్ బలం ఒకటి. షియర్ అంటే పేకముక్కల కట్ట మీద అరచెయ్యి పెట్టి పక్కకి తోస్తే ముక్కలు ఒకదాని మీద ఒకటి జారతాయే, ఆ తోపు.

ఊహ అందంగానే ఉంది గానీ, తర్వాత తేలిందేంటంటే ఆ ఇరుకులు రెండూ ఒకటి కావు. 2012లో ఇకెడా, బెర్తియర్, సోలిష్ మెత్తని గోళాల సిమ్యులేషన్లని షియర్ చేసి, రెండింటినీ విడదీసి చూపించారు. దాదాపు 0.59 దగ్గర మొదలయ్యేది గాజు గట్టితనం. అది అణువుల వేడి కుదుపుల నుంచి పుడుతుంది. దాదాపు 0.64 దగ్గర మొదలయ్యేది జామ్. అది తాకిళ్ళ నుంచి, స్ప్రింగుల నుంచి పుడుతుంది. రెంటి బలాల కొలత వేరు, వేగాల కొలత వేరు. ఆగి ఉన్న ఫోటోలో ఇవేవీ కనపడవు. నెమ్మదిగా, వేగంగా, రకరకాలుగా తోసి చూస్తేనే బయటపడతాయి.

మన భాషలో చెప్పాలంటే, సర్వర్ 30 సెకన్లు జవాబివ్వలేదనుకోండి. లోడ్ ఎక్కువై నెమ్మదించిందా, డెడ్‌లాక్ అయిందా? బయటినుంచి రెండూ ఒకటే, స్క్రీన్ మీద చక్రం తిరుగుతూ ఉంటుంది. మొదటిది వేచి ఉంటే వస్తుంది, అది గాజు. రెండోదాంట్లో వీడు వాడి కోసం, వాడు వీడి కోసం ఆగి ఉంటారు. సంక్రాంతి దాకా కూర్చున్నా రాదు. అది జామ్.

ఇహ షియర్ చేసే అల్లరి. తోస్తే కదలాలి కదా? టూత్‌పేస్టు కదులుతుంది. నా పెట్టెలో 0.86 దగ్గర కొంత బలం దాకా ఓర్చుకుని తర్వాత పారింది. అయితే తోపుకి ఇంకో ముఖం ఉంది. విశాఖ బీచ్‌లో తడి ఇసుక మీద అడుగు వేస్తే పాదం చుట్టూ ఇసుక ఒక్కసారి పొడిగా అయిపోవడం చూసే ఉంటారు. కిక్కిరిసిన రేణువుల్ని తోస్తే, ఒకదాన్నొకటి దాటడానికి అవి కాస్త ఎడం కావాలి. ఆ ఖాళీల్లోకి పైనున్న నీళ్ళు దిగిపోతాయి. రేనాల్డ్స్ 1885లో వివరించిన సంగతి ఇది. మరి ఎడం కావడానికి చోటే ఇవ్వకపోతే? తోపు కాస్తా బిగింపు అవుతుంది. 2011లో బాబ్ బెహ్రింగర్, బుల్బుల్ చక్రవర్తి బృందాలు సరిగ్గా ఇదే చూపించాయి. వాళ్ళు వాడినవి ఒత్తిడి పడిన చోట మెరిసే ప్రత్యేకమైన ప్లాస్టిక్ బిళ్ళలు. మామూలుగా జామ్ కాని సాంద్రత దగ్గర కూడా, పక్కకి తోసేసరికి అవి బిగుసుకున్నాయి. దీనికి రాపిడి ముఖ్యం. నా కోడ్‌లో కూడా బిళ్ళలకి రాపిడి పెట్టాక అలాగే అయింది. వదిలేస్తే వదులుగా ఉన్నవి, తోస్తే బిగిశాయి.

అప్పుడు బలాలు ఎక్కువున్న చోట లావు గీత, తక్కువున్న చోట సన్న గీత వచ్చేలా బొమ్మ గీయించాను. చూస్తే బరువంతా కొద్ది గొలుసులే మోస్తున్నాయి. మిగతా బిళ్ళలు మన పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారిలా ఊరికే కూర్చున్నాయి :) ఆ గొలుసులు కూడా తోపు వచ్చిన దిక్కుకే నిలబడ్డాయి. తోపుని తిరగేసి అటునుంచి ఇటు తోశాను. కొద్దిపాటి తోపుకే గొలుసులన్నీ మాయం. ఇందాక కొండలా ఉన్నది నీళ్ళలా జారిపోయింది.

ఇలాంటివాటికి మైకేల్ కేట్స్, ఆయన సహచరులు 1998లోనే ఒక పేరు పెట్టారు, పెళుసు పదార్థం అని. పెళుసంటే గాజు గ్లాసు పగలడం కాదు. తనని బిగించిన బలాన్ని మాత్రమే మోయగలదు, ఇంకో దిక్కు నుంచి వచ్చే చిన్న బలాన్ని కూడా మోయలేదు అని. ఇనప దిమ్మె అలా కాదు, ఎటునుంచి తోసినా గట్టిగానే ఉంటుంది. అది గట్టిపడడం, ఇది ఇరుక్కోవడం. నేను చెప్పదలుచుకున్న మాట ఇదొక్కటే.

ఇప్పుడు మిల్లు దగ్గరికొద్దాం.

గోదావరి జిల్లాలో మా బాబాయికి ఒక చిన్న రైస్ మిల్లు ఉంది. వడ్లు పోసే పెద్ద బిన్నులు, తవుడు బిన్ను. అడుగున గేటు తెరిస్తే సరుకు కిందికి దిగాలి. తేమ వడ్లు వచ్చినప్పుడు, వాటిలో గడ్డి కలిసినప్పుడు, తవుడైతే ఊరికేనే, మధ్యలో అడ్డం పడుతుంది. గేటు తెరిచే ఉంటుంది, చుక్క రాలదు. అప్పుడు ముందు చెక్క సుత్తితో పక్కన బాదుతారు. దానికీ లొంగకపోతే ఒక కుర్రాడు గడకర్ర పట్టుకుని పైనుంచి లోపలికి దిగి, సరుకు మీద నిలబడి పొడుస్తాడు. మా బాబాయి మిల్లే కాదు, చాలాచోట్ల ఇదే పద్ధతి.

పోయిన పండక్కి వెళ్ళినప్పుడు ఇది కళ్ళారా చూశాను. బాబాయితో అన్నాను, "వాణ్ణి పైకి రమ్మను బాబాయ్, అది కూలుద్ది."

"ఒరేయ్, అది సిమెంటు దిమ్మలా ఉంది. గంట నించి బాదుతున్నాం, గింజ కదల్లేదు. ఇద్దరు నిలబడ్డా ఏం కాదు," అన్నాడు.

గంట నుంచి కదల్లేదు కాబట్టి గట్టిగా ఉంది. ఈ తర్కంలోనే ఉంది ప్రమాదమంతా. గంట సేపు నిలబడింది అడుగునున్న గింజలు చేసిన కమాను. అది తన మీద నిలువుగా పడే బరువుని గోడలకి పంచేలా సర్దుకుంది. బిన్నులో గింజల బరువు చాలావరకు గోడలే మోస్తాయని యాన్సెన్ అనే జర్మన్ ఇంజనీరు 1895లోనే చూపించాడు. కమాను కింద ఖాళీ. పైనుంచి చూసేవాడికి నేలలా కనిపిస్తుంది. వీడు గడకర్రతో పొడిచేది మాత్రం ఏటవాలుగా, పక్కకి, కమాను అలవాటుపడని దిక్కుకి. నా పెట్టెలో తోపుని తిరగేసినప్పుడు ఏమైందో చెప్పాను కదా. తేడా ఏంటంటే నా పెట్టెలో ఎవడూ నిలబడి లేడు. కమాను కూలితే వాడు గింజలతో పాటు కిందికి పోతాడు. పారుతున్న గింజల్లో నడుందాకా దిగినవాడు సొంతంగా పైకి రాలేడు. మునగడానికి కొన్ని సెకన్లు చాలు. అమెరికాలో గోధుమ, మొక్కజొన్న బిన్నుల్లో మనుషులు ఇలా చనిపోవడం దశాబ్దాలుగా అందరికీ తెలిసిన విషాదం.

"పోనీ కాసేపు ఆగితే అదే దిగుద్దేమో," అన్నాడు బాబాయి. గాజైతే ఆగమనేవాణ్ణే. వడ్ల గింజకి ఆ సౌకర్యం లేదు. అణువుల్ని నిత్యం కుదిపే వేడి శక్తి ఎంత చిన్నదంటే, ఒక గింజని దాని మందమంత ఎత్తుకి లేపడానికి దానికి లక్ష కోట్ల రెట్లకి పైగా కావాలి. గింజకి లోపల గడియారమే లేదు. వేచి చూస్తే తనంతట తాను సర్దుకోదు. తవుడైతే తేమకి ఇంకా అంటుకుంటుంది కూడా.

బాదడం సంగతి మరీ తమాషా. కిరాణా కొట్లో కుంచాన్ని కుదిపితే బియ్యం ఇంకాస్త కిందికి దిగడం మనకి తెలిసిందే. సిమ్యులేషన్లలోనూ ఇలాంటిదే కనిపిస్తుంది. బెంగళూరులో శ్రీకాంత్ శాస్త్రి బృందం 2017లో గాజులాంటి పదార్థాల్ని అటూ ఇటూ షియర్ చేసి చూసింది. ఊపు ఒక పరిమితి లోపుంటే అది ఇంకా నెమ్మదిగా, ఇంకా బాగా సర్దుకుంటుంది. పరిమితి దాటితే పారుతుంది. గింజలు గాజు కాదు, ఒప్పుకుంటాను. కానీ చిన్న దెబ్బలు విడదీయకపోగా ఇంకా సర్దగలవు అన్న మాట రెండుచోట్లా నిజం. ముఖ్యంగా గేటు మూసి ఉంచి బాదితే సరుకు ఎటూ పోలేక మరింత బిగుస్తుంది. అందుకే గేటు తెరిచాకే కుదపాలి.

బాబాయి ఇంజనీరు కాదు, నలభయ్యేళ్ళ అనుభవం ఉన్నవాడు. ఆయనకి ఈ షియర్లూ స్ప్రింగులూ చెప్తే వినడు. లాప్‌టాప్ తీసి బొమ్మే చూపించాను. ముందు బిగుసుకున్నది, తర్వాత తోపు తిరగేసినది. రెండుసార్లు చూశాడు. "ఇది బియ్యం కాదుగా, బిళ్ళలు," అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. నా బిళ్ళలు గుండ్రటివి, సమతలం మీదివి, తేమ లేనివి. వాటిని చూసి ఆయన బిన్ను ఏ నిమిషాన కూలుతుందో నేను చెప్పలేను. "ఎప్పుడు కూలుద్దో ఇది చెప్పదు బాబాయ్. కదలకుండా ఉండడం చూసి గట్టిదనుకోకూడదని మాత్రం చెప్తుంది" అన్నాను.

ఆయన ఏమీ మాట్లాడలేదు. కాసేపాగి కుర్రాణ్ణి పైకి రమ్మన్నాడు. వారం తర్వాత బిన్ను పక్కన, గేటుకి కాస్త పైన, మూత ఉన్న ఒక కంత చేయించాడు. ఇప్పుడు అడ్డం పడితే బయట నిలబడి ఆ కంతలోంచి గడకర్రతో పొడుస్తున్నారు. రెండు వేలో మూడు వేలో అయిందట. "నీ వీడియో గేమ్ వల్ల ఖర్చు" అని ఇప్పటికీ ఫోన్లో దెప్పుతాడు. దెప్పితే దెప్పాడు.

సిమ్యులేషన్ అంటే మనవాళ్ళలో రెండు రకాలున్నారు. కంప్యూటర్ చెప్పింది కాబట్టి వేదం అనేవాళ్ళు, బొమ్మలాటే కదా అని కొట్టిపారేసేవాళ్ళు. నాకు రెండూ రుచించవు. అంకెలు నా పెట్టెవి, అవి మిల్లుకి పనికిరావు. అయితే ఏ ప్రశ్న అడగాలో ఆ పెట్టె నేర్పింది. ఏదైనా కదలట్లేదంటే మూడు అడగాలి. ఎంతసేపు చూసి ఈ మాట అంటున్నాం? ఎటునుంచి తోసి చూశాం? ఇక్కడిదాకా ఎలా వచ్చింది? ఆ మూడింటికి జవాబు లేకుండా "గట్టిగానే ఉంది" అనడం ధైర్యం కాదు, ఊహ.

ఆసక్తి ఉన్నవాళ్ళకి ఇంకో మాట. ఈ పరిశోధన ఎక్కడో అమెరికాలోనే జరుగుతోందనుకోకండి. గచ్చిబౌలి ట్రాఫిక్ దాటి గోపనపల్లి వెళ్తే అక్కడి టీఐఎఫ్ఆర్‌లో గాజు మీద సిమ్యులేషన్లు చేసే బృందమే ఉంది. ఇంట్లో మొదలుపెట్టాలంటే లామ్స్ అనే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. షియర్ చెయ్యడం అందులో రెండు మూడు లైన్ల పని. బిళ్ళల కోడ్ మీరే రాసుకుంటే ఇంకా మంచిది. ఆ 4 మీ తెర మీద తనంతట తాను వచ్చినప్పుడు ఉండే ఆనందం ఏ అప్రైజల్‌లోనూ రాదు.

అదంతా తీరికుంటే. తీరిక లేకపోయినా ఒక్క పని చెయ్యండి. మనలో సగంమందికి ఊళ్ళో ఎవరో ఒకరికి మిల్లో, దాణా ఫ్యాక్టరీయో, గోడౌనో ఉంటుంది. ఈసారి ఫోన్ చేసినప్పుడు అడగండి, బిన్నులో అడ్డం పడితే మనిషిని లోపలికి దింపుతున్నారా అని. అవునంటే, బయటినుంచి పొడిచే ఏర్పాటు చేసుకోమని చెప్పండి. దెప్పుతారు, పర్లేదు.